సర్పంచ్‌గారి నంబరు

2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా అనే ఊళ్ళో, పంచాయతీకి ఎన్నికైన ఆరుగురు స్త్రీలకు బదులు వాళ్ళ భర్తలు వరసగా నిలబడి ప్రమాణ స్వీకారం చేసిన వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రోజున అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. "మన గోదావరి జిల్లాలవాళ్ళం నయం, కనీసం ప్రమాణమైనా ఆడవాళ్ళ చేత చేయిస్తాం" అని మా చిన్నాన్నగారబ్బాయి రాస్తే, దాని కింద పన్నెండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పన్నెండు మందిలో నేనొకదాన్ని. గ్రూపులో మా వదిన కూడా ఉంది. ఆమె ఏ బొమ్మా పెట్టలేదు. అప్పటికి నాలుగేళ్ళుగా మా ఊరి సర్పంచ్ ఆమె.

ఆ సాయంత్రం నా నవ్వు బొమ్మను తీసేశాను. తీసేసినంత మాత్రాన ఆమె చూడకుండా పోయి ఉంటుందా అన్నది వేరే సంగతి. నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చిందనీ, 243-డి అధికరణం స్త్రీలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇచ్చిందనీ, 2011లో మన రాష్ట్రం ఆ వాటాను సగానికి పెంచిందనీ నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఇంత చదువు చెప్పిన నేను, సొంత వదిన సర్పంచ్ అయ్యాక, ఊరి పని పడితే ఎవరికి ఫోన్ చేశానో ముందుగా ఒప్పుకోవాలి.

నేను చేసిన ఫోన్

మా ఊరు కోనసీమలో ఉంది. 2013లో మా అన్నయ్య సర్పంచ్‌గా గెలిచాడు. 2018 ఆగస్టులో ఆ పదవీకాలం ముగిసి, ప్రత్యేకాధికారుల పాలన సాగి, 2021 ఫిబ్రవరిలో మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి మా ఊరి స్థానం జనరల్ మహిళకు వెళ్ళింది. అన్నయ్య వదిన చేత నామినేషన్ వేయించాడు. తిరిగి ఓట్లు అడిగి గెలిపించాడు. కాగితాల మీద సంతకాలు పెట్టించాడు. ఈ మూడు క్రియలనూ కావాలనే ఇలా రాశాను. రాజకీయాల్లో ఉన్న ఆడవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండానే నోటికి వచ్చేది, ఒకరి చేత చేయించడాన్ని చెప్పే ప్రేరణార్థకమే. నిలబెట్టారు, గెలిపించారు, కూర్చోబెట్టారు, మాట్లాడించారు. మగవాడు నిలబడతాడు, ఆడదాన్ని నిలబెడతారు. తెలుగు వ్యాకరణానికి ఇందులో దోషమేమీ లేదు, ఊళ్ళో జరిగినదాన్నే అది ఉన్నదున్నట్టు చెబుతోంది.

2022 శ్రావణంలో మా అమ్మ ఉండే వీధిలో మురుగు కాలువ పూడిపోయి నీళ్ళు అరుగుల దాకా వచ్చాయి. కాకినాడ నుంచి నేను వెంటనే అన్నయ్యకు ఫోన్ చేశాను. "చూస్తాలే" అన్నాడు. వారం తరువాత మళ్ళీ చేశాను. "చెప్పానే, చూస్తాలే" అన్నాడు. ఆ నెలాఖరున ఊరు వెళ్ళేసరికి కాలువ తవ్వుతున్నారు. నా ఫోన్ల వల్లే పని జరిగిందని సంతోషపడుతూ ఇంట్లోకి వెళ్ళాను. వదిన వంటింటి గుమ్మం దగ్గర కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతోంది. అన్నయ్య చాలా త్వరగా చేయించాడే అన్నాను.

"ఆ కాలవకి జూలై సమావేశంలోనే తీర్మానం రాయించాను. నిధులు పడేసరికి ఆలస్యమయింది. నీకెవరూ చెప్పలేదా?" అంది తల ఎత్తకుండా.

నాకెవరూ చెప్పలేదు, నిజమే. నేను అడగవలసిన మనిషిని అడగకపోవడం వల్ల నాకెవరూ చెప్పలేదు. నేను మొదటిసారి ఫోన్ చేసే నాటికే ఆ పని పంచాయతీ పుస్తకంలోకి ఎక్కి ఉంది. ఎక్కించింది ఎవరో అన్నయ్యకు తెలిసి కూడా "చూస్తాలే" అన్నాడు. నేను నమ్మాను. ఆ సంభాషణలో అన్నయ్య చేసిన తప్పు ఎంతో, నేను చేసినదీ అంతే.

ఇదే నా వాదన. సర్పంచ్ భర్త అనే లేని పదవిని భర్త ఒక్కడే సృష్టించుకోలేడు. ఆయనకు ఫోన్ చేసేవాళ్ళు, ఆయనను "సర్పంచ్‌గారూ" అని పిలిచేవాళ్ళు, ఆయన వచ్చాక కుర్చీ జరిపేవాళ్ళు, ఆయన రాకపోతే "తరవాత మాట్లాడదాంలెండి" అని లేచిపోయేవాళ్ళు కలిసి ఆ పదవిని రోజూ పోషిస్తారు. వాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఉన్నారు, అధికారులు ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. మా ఊళ్ళో ఒకసారి పంచాయతీ కార్యాలయం మెట్ల మీద ఒక పెద్దాయనను, సర్పంచ్‌గారు లోపల ఉన్నారా అని అడిగాను. "లేరండి, పొలం వెళ్ళారు" అన్నాడు. లోపల కుర్చీలో కూర్చుని కాగితాలు చూస్తున్నది ఎవరండీ అంటే, ఆయన వంగి చూసి "ఆవిడాండీ, సర్పంచ్‌గారి భార్యండి" అన్నాడు. ఆయన ఎగతాళి చేయలేదు. ఎంతో మర్యాదగా చెప్పాడు.

బోర్లా పడుకున్న పదిహేను రోజులు

2023 ఏప్రిల్‌లో అన్నయ్యకు కంటి రెటీనా ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ తరువాత పగలూ రాత్రీ బోర్లా పడుకునే ఉండాలనీ, ఫోన్ ముట్టుకోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పడంతో, ఊళ్ళో దుమ్ము ధూళి ఎందుకని కాకినాడలో మా ఇంట్లోనే పదిహేను రోజులు ఉంచాం. వదిన రెండు రోజులుండి వెళ్ళిపోయింది. పాడి ఉంది, పంచాయతీ ఉంది. అన్నయ్య ఫోన్ నా చేతికి వచ్చింది.

ఆ ఫోన్ ఎంత మోగేదో చెబితే నమ్మరు. మొదటి రోజు సరదాకి లెక్కపెట్టాను, ముప్ఫై ఏడు. వీధి దీపం వెలగడం లేదని ఒకరు, ఇంటి పన్ను రసీదు కావాలని ఒకరు, మండలంలో మీటింగ్ ఉందని ఆఫీసు నుంచి ఒకరు, కుళాయి పైపు పగిలిందని ఇద్దరు, కోడిపెట్టను పక్కింటివాళ్ళు కట్టేసుకున్నారని ఒకరు. నేను ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాను. "ఇది సర్పంచ్‌గారి నంబరు కాదండి. సర్పంచ్‌గారి నంబరు చెబుతాను, రాసుకోండి."

మొదట్లో ఎవరూ రాసుకోలేదు. "పర్లేదండి, సారు లేచాక చేస్తాను" అన్నారు. ఒకాయన "ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకండీ" అని నొచ్చుకున్నాడు. ఓట్లేసి గెలిపించిన మనిషికి ఫోన్ చేయడం ఆమెను ఇబ్బంది పెట్టడమవుతుందన్న ఆ సున్నితత్వం మన ప్రాంతపు మర్యాదలో భాగం. దానికి కోపం తెచ్చుకోవడం కష్టం, అందుకే దాన్ని మార్చడం ఇంకా కష్టం.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలువలు కట్టేసే సమయం దగ్గర పడింది. డెల్టాలో ఉన్నవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. దాళ్వా (రబీ) కోతలకు వచ్చాక మరమ్మతుల కోసం కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ సార్వాకు (ఖరీఫ్‌కు) వదిలేదాకా మంచినీళ్ళ చెరువు నిండుగా ఉన్న ఊరే ఊరు. భూమిలో నీళ్ళు ఉప్పన. మా ఊరు కాలువ చివర ఉంది. పై ఊళ్ళ చేపల చెరువులవాళ్ళు ఇంజన్లు పెట్టి తోడుకోగా మిగిలినది, గుర్రపుడెక్క మధ్య దారి వెతుక్కుంటూ మా తూము దాకా రావాలి. ఆ యేడు కాలువ కట్టేసే తేదీకి ఇంకా ఆరు రోజులుందనగా మా చెరువు సగానికి కూడా రాలేదు.

వదిన ఇరిగేషన్ ఇంజనీరుగారికి ఫోన్ చేసింది. "సర్పంచ్‌గారు లేరా అమ్మా?" అని ఆయన అడిగాడు. "సర్పంచ్‌నే మాట్లాడుతున్నానండి" అంది. "అదేనమ్మా, సారు లేరా?" అన్నాడాయన. ఈ మాటలు తరువాత ఆమే నాకు చెప్పింది, చెబుతూ నవ్వింది కూడా. ఆ రోజు మాత్రం నవ్వలేదు. మర్నాడు తెల్లవారుజామున అయిదు గంటలకు డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు ఎనిమిది మందినీ, కాలువ కాపలా చూసే లస్కరునూ వెంటబెట్టుకుని కాలువ గట్టు వెంబడి పైకి నడిచింది. ఎక్కడెక్కడ ఇంజన్లు నడుస్తున్నాయో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో, తలుపు ఎక్కడ సగమే లేచి ఉందో పంచాయతీ కార్యదర్శి చేత ఫోటోలు తీయించింది. ఆ కార్యదర్శి ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. 2019లో గ్రామ సచివాలయాల వ్యవస్థ వచ్చినప్పుడు ఉద్యోగంలో చేరింది. పది గంటలకు అందరూ కలిసి ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నారు. ఇంజనీరుగారు వచ్చి, ఇంతమంది ఎందుకమ్మా అంటే, "సారు లేరా అని అడిగారు కదండీ. లేరు. మేమున్నాం" అందిట.

రెండు రోజుల పాటు పై తూములు మూయించి మా తూముకు నీళ్ళు ఇచ్చారు. ఆయిల్ ఇంజను అద్దెకు తెప్పించి, గుర్రపుడెక్క తీయించి, రాత్రి వంతులు పెట్టించి వదిన చెరువు నింపించింది. తెప్పించింది, తీయించింది, పెట్టించింది, నింపించింది. ప్రేరణార్థకం చేతులు మారడం అంటే ఇదీ అని, ఎవరికీ చెప్పకుండా నాలో నేను అనుకున్నాను.

ఇక్కడ ఇంకొకటి గమనించాను. చెరువు నిండిన కబురు వచ్చిన తరువాత అన్నయ్య ఫోన్ మోగడం తగ్గింది. పదో రోజున ఆరు ఫోన్లు వచ్చాయి. పన్నెండో రోజున మూడు, వాటిలో ఒకటి బ్యాంకు అప్పు ఇస్తామన్న కంపెనీవాళ్ళది. బోర్లా పడుకున్నచోటు నుంచే అన్నయ్య "ఏంటి, ఎవరూ చెయ్యట్లేదా?" అని అడిగాడు. ఆ గొంతులో ఉన్నది అధికారం పోయిన మనిషి కోపం కాదు. ఊరు తనను మరిచిపోయిందేమోనన్న దిగులు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు, ఊరి కోసం చేసినవాడే. తొమ్మిదేళ్ళుగా ఆ మోతకు అలవాటు పడ్డవాడు.

ఏ చట్టం, ఏ ఉత్తర్వు, ఏ శిక్షణ తరగతీ చేయలేని పని ఆ పదిహేను రోజుల్లో జరగడం నేను కళ్ళారా చూశాను. చేసిందల్లా ఒక నంబరు బదులు ఇంకో నంబరు ఇవ్వడం.

పెట్టే చెయ్యి, ఆపే చెయ్యి

నదీతీరపు నాగరికత, సంస్కరణోద్యమాల గడ్డ అని మన ప్రాంతం గురించి గొప్పగా చెప్పుకుంటాం. గోదావరి పాయ వైనతేయ మీద కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్నాం, బడిలో మధ్యాహ్న భోజనానికీ 2024లో ఆమె పేరే పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టిన ఆ తల్లికి ఆ గౌరవం ఎంత ఇచ్చినా తక్కువే. అయితే మనం ఏ స్త్రీని ఎందుకు గుర్తుపెట్టుకుంటామో కాస్త చూసుకోవాలి. పెట్టే చెయ్యి అంటే మనకు ప్రాణం. ఆపే చెయ్యి అంటే అంత మనసుపడం.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి (తరువాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) టికెట్ లేని నెహ్రూను లోపలికి పంపలేదు. టికెట్ కొన్నాకే పంపింది. ఈ కథను నేను ప్రతి సంవత్సరం పిల్లలకు చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కథ మనకు ముచ్చటగా ఉండడానికి ఒక కారణం ఆమె వయసు కూడానేమో అనిపిస్తుంది. అదే పని నలభై ఏళ్ళ గృహిణి, మండల నాయకుడి కాంట్రాక్టు బిల్లు దగ్గర చేస్తే చప్పట్లు కొడతామా? "ఆవిడకు పొగరు" అంటాం.

ఇంకొక సంగతి నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. దుర్గాబాయి బాల్యవివాహాన్ని కాదనుకుని బయటికి వచ్చిన మనిషి. ద్రాక్షారామం ప్రాంతపు దువ్వూరి సుబ్బమ్మ, దేశబాంధవి అని జనం పిలుచుకున్న మనిషి, పసితనంలోనే భర్తను పోగొట్టుకుంది. మన ప్రాంతంలో ప్రజల మధ్య నిలబడి మాట్లాడిన తొలితరం స్త్రీలను తలచుకుంటే, పక్కన భర్త లేనివాళ్ళే ముందుగా గుర్తుకొస్తారు. భర్త పక్కన ఉన్న రాజ్యలక్ష్మమ్మగారు, 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగాక వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేస్తే గోదావరి నుంచి బిందెలు మోసి, వంట చేసి ఆ ఉద్యమాన్ని నిలబెట్టింది. పాఠ్యపుస్తకంలో ఆమె వీరేశలింగంగారి సతీమణి. సంసారంలో ఉంటూనే, భర్త అదే ఇంట్లో ఉంటూనే, పదవి తనదిగా చేసుకోవడం ఎలా అన్న ప్రశ్నకు వదిన లాంటివాళ్ళకు చూపించడానికి మన దగ్గర పాత నమూనా పెద్దగా లేదు.

వెతికితే ఒకటి దొరుకుతుంది కానీ అది మరీ పాతది. కాకతి రుద్రమకు భర్త మన నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు. ఓరుగల్లులో ఆయన పెత్తనం చేసినట్టు చరిత్ర చెప్పదు. అయితే ఆమె కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా మగపేరుతోనే కనిపిస్తుంది. సింహాసనం ఆమెది, పేరు మాత్రం మగవాడిది. పదమూడో శతాబ్దంలో అది రాజనీతి. ఇప్పుడు మా పంచాయతీ గోడ మీద వదిన పేరు పక్కన అన్నయ్య ఫోన్ నంబరు రాసి ఉండడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఎవరికి శిక్ష?

ఈ విషయం మీద నాతో విభేదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటల్లో నిజం ఉంది కనుక తోసిపుచ్చలేను.

"ఆమె అడిగిందా ఈ పదవి?" అని మా తోటికోడలు ఒకసారి నిలదీసింది. నాలుగున్నరకు లేచి పాలు పితికి, వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, పదికి ఆఫీసుకు వెళ్ళి, మళ్ళీ వచ్చి వండి వార్చే మనిషికి ఇది అధికారం కాదు, అదనపు చాకిరీ అంటుంది ఆమె. అందులో తప్పేమీ లేదు. మగ సర్పంచ్ ఇంటికి వస్తే మంచినీళ్ళ గ్లాసు ఎదురు వస్తుంది. ఆడ సర్పంచ్ ఇంటికి వస్తే పొయ్యి ఎదురు చూస్తుంది. మొదటి రెండేళ్ళూ అన్నయ్య చేతికి ఎన్నో పనులు వదిలేయడం వదినకు కూడా కొంత ఊరటే అయిందని ఆమే నాతో అంది. దాన్ని బానిసత్వం అని పేరు పెట్టి తీసిపారేయడానికి నాకు నోరు రాలేదు.

రెండో వాదన, అన్నయ్య లాంటి అనుభవజ్ఞుడు పక్కన ఉండడం ఊరికి లాభమే కదా అన్నది. లాభమే. పాత సర్పంచ్ కొత్త సర్పంచ్‌కు నేర్పడం వేరు, కొత్త సర్పంచ్ బదులు తానే చేయడం వేరు. ఈ రెండింటి మధ్య గీత మా ఇంట్లో ఒక చిన్న వస్తువు మీదుగా పోయింది. పంచాయతీ నిధుల బిల్లులు చెల్లించాలంటే సర్పంచ్ పేరున ఇచ్చిన డిజిటల్ కీ కంప్యూటర్‌కు పెట్టి ఆమోదించాలి. చూడడానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. రెండేళ్ళ పాటు అది అన్నయ్య మోటారు సైకిల్ తాళాల గుత్తిలో ఉండేది. పాస్‌వర్డ్ ఆయనకు తెలుసు, వదినకు తెలియదు. చట్టప్రకారం ఆమె చేసిన ప్రతి చెల్లింపూ ఆమె చేయనిదే. ఎక్కడైనా తేడా వస్తే నోటీసు మాత్రం ఆమె పేరునే వస్తుంది. కంటి ఆపరేషన్‌కు బయలుదేరేటప్పుడు బండి తాళంతో పాటు ఆ కీ కూడా ఇంట్లో ఉండిపోయింది. కార్యదర్శి అమ్మాయి వదిన చేత పాస్‌వర్డ్ మార్పించింది. ఆ గుత్తిలోకి అది మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు వదిన దేవుడి గూట్లో, పసుపు కుంకుమ భరిణ పక్కన ఉంటుంది. ఆ చోటు గురించి నాకు కొంత అభ్యంతరం ఉంది కానీ చెప్పలేదు.

ఇక ప్రభుత్వాల సంగతి. సర్పంచ్ భర్తల పెత్తనం ఆగాలని 2015లో పంచాయతీరాజ్ దినోత్సవం నాడు ప్రధానమంత్రే చెప్పారు. 2023లో ఈ సమస్య సుప్రీంకోర్టు దాకా వెళితే, ఆ తరువాత కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీని వేసింది. 2025లో వచ్చిన ఆ కమిటీ నివేదిక కఠినమైన శిక్షలు ఉండాలని సిఫారసు చేసింది. మంచి ఉద్దేశమే. కానీ శిక్ష ఎవరికి? నిజంగా అమలైతే ముందు ఊడేది ఆమె పదవి. ఆయనకు లేని పదవిని ఎలా ఊడగొడతారు? "సారు లేరా" అన్న ఇంజనీరుగారికి ఏ శిక్షా లేదు. అధికారుల వాట్సాప్ గ్రూపుల్లో భర్త నంబరు చేర్చుకున్నవాళ్ళకు లేదు. రెండుసార్లు ఫోన్ చేసిన నాకూ లేదు.

శిక్ష కంటే ముందు ఆస్తి కాగితాలు చూడాలని నాకు అనిపిస్తుంది. 2024 డిసెంబరులో నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. 1997 నాటి చట్టం ప్రకారం ఆయకట్టులో భూమి ఉన్న రైతుకే అక్కడ ఓటు. ఊరి చెరువు నింపించిన సర్పంచ్‌కు ఆ ఎన్నికల్లో ఓటు లేదు, ఎందుకంటే పొలమంతా అన్నయ్య పేరున ఉంది. అన్నయ్య పేరున అంతా ఎందుకుందంటే, కూతుళ్ళకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే, దేశం కంటే పందొమ్మిదేళ్ళు ముందు, చట్టం చేసినా, నా వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చారు కదా అని ఎవరో అన్నారు, సరే అన్నాను. నేను పెట్టని పట్టు వదిన పెట్టాలని ఇవాళ ఆశిస్తున్నాను.

రెండోసారి

స్త్రీల రిజర్వేషన్ వల్ల ఒరిగిందేమీ లేదనేవాళ్ళకు పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద జరిగిన అధ్యయనం ఒకటి చూపించవచ్చు. స్త్రీలకు రిజర్వైన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టాయని 2004లో ప్రచురించిన ఆ పరిశోధన తేల్చింది. మా చెరువు సంగతి తెలిసిన నాకు అందులో ఆశ్చర్యం లేదు. నీళ్ళు రాకపోతే బిందె పట్టుకుని నడిచేది ఎవరో అందరికీ తెలుసు. నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది అదే బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో చేసిన మరొక పరిశీలన. ఒకసారి స్త్రీకి రిజర్వైన ఊళ్ళలో జనం ఆమెను తక్కువగానే అంచనా వేశారు. రెండోసారి కూడా రిజర్వైన ఊళ్ళలో ఆ చులకన పోయింది. తరువాత రిజర్వేషన్ లేని స్థానాల్లో కూడా అక్కడి స్త్రీలు ఎక్కువగా నిలబడ్డారు, గెలిచారు.

దీని అర్థం నాకు మా ఇంట్లో కనబడుతోంది. వదినకు మొదటి రెండేళ్ళు పేరుకే పోయాయి. మూడో యేడు నేర్చుకుంది. నాలుగో యేడు ఊరు ఆమెకు ఫోన్ చేయడం నేర్చుకుంది. అయిదో యేడు అయిపోయేసరికి రొటేషన్ వచ్చి ఆ స్థానాన్ని తీసుకుపోతుంది. తమిళనాడులో లాగా పదేళ్ళు, అంటే రెండు ఎన్నికలు, అదే రిజర్వేషన్ కొనసాగితే ఆ నేర్పు ఊరికి దక్కుతుంది. దీనివల్ల వేరే ఊళ్ళ ఆడవాళ్ళ వంతు ఆలస్యమవుతుంది, అది చిన్న నష్టమేమీ కాదు. అయినా, నేర్చుకున్న మరుక్షణం ఇంటికి పంపేసి, మళ్ళీ ఇంకో ఊళ్ళో ఇంకో వదినతో మొదటి నుంచి మొదలుపెట్టి, "చూశారా, ఆడవాళ్ళు సంతకాలకే" అనడం కంటే అది నయం. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు ఇస్తామన్న 2023 నాటి 106వ సవరణ గురించి కూడా నా భయం ఇదే. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అన్న షరతుతో వచ్చిన ఆ చట్టంలోనూ రొటేషన్ ఉంది.

ఆంధ్రప్రదేశ్‌కు విభజన తరువాత 2019 నుంచి వరసగా ముగ్గురు స్త్రీలు హోంమంత్రులయ్యారు, వారిలో ఒకరు మన కొవ్వూరు నుంచి గెలిచినవారే. తెలుగు రాష్ట్రాల్లో స్త్రీ ముఖ్యమంత్రి మాత్రం ఇంతవరకూ లేరు. పైనుంచి లెక్క చూసి మురిసిపోవడానికీ, వాపోవడానికీ రెండింటికీ చోటుంది. నేను మాత్రం ఇప్పుడు గోడ మీద రాసి ఉండే నంబర్లు చూస్తూ తిరుగుతున్నాను. ఏ ఊరు వెళ్ళినా పంచాయతీ గోడ మీద సర్పంచ్ అని ఆడపేరు కనబడితే, ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూడడం నాకు అలవాటయింది. పిచ్చి అలవాటే. మగ గొంతు వస్తే రాంగ్ నంబరని పెట్టేస్తాను. ఆడ గొంతు వచ్చిన రెండు మూడు సార్లూ ఏం మాట్లాడాలో తోచక, మీ ఊళ్ళో మంచినీళ్ళు ఎలా ఉన్నాయండీ అని అడిగాను.

2026 సంక్రాంతికి ఊరు వెళ్ళాను. పదవీకాలం ఇంకో మూడు నెలల్లో ముగుస్తుందని అరుగు మీద కూర్చున్నవాళ్ళందరూ రిజర్వేషన్ లెక్కలు వేస్తున్నారు. ఈసారి జనరల్ అవ్వచ్చని ఒకరు, బీసీకి పోతుందని ఇంకొకరు. "జనరల్ అయితే నేనే నిలబడతానులే" అని అన్నయ్య అన్నాడు, అదేదో అడగనవసరం లేని విషయమైనట్టు. ఎవరూ ఏమీ అనలేదు. నేను వంటింటి వైపు చూశాను. వదిన అరిసెల పళ్ళెం తెచ్చి అరుగు మీద పెట్టి, అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఇంతకు ముందు ఆ అరుగు మీద మగవాళ్ళ మధ్య ఆమె కూర్చోవడం నేను చూడలేదు.

"చెరువుకి తూర్పు గట్టు రివెట్‌మెంట్ ఇంకా సగమే అయ్యింది. అది పూర్తయ్యేదాకా నాకు ఖాళీ లేదు" అంది.

అన్నయ్య అరిసె తుంచుతూ ఆమె వైపు చూశాడు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది.